మెట్టలో ఒక డైవింగ్ ఛాంపియన్

మార్కాపురం బస్టాండు ఎదురుగా కట్టిన ఫ్లెక్సీలో అతను మెడదాకా సముద్రంలో ఉన్నాడు. తలను ఏదో పెళ్లి ఫోటోలోంచి కత్తిరించి నీళ్ల మీద అతికించారు. అటొక డాల్ఫిన్, ఇటొక డాల్ఫిన్. కింద ‘గజ ఈతగానికి కన్నీటి వీడ్కోలు’ అని పెద్ద అక్షరాలు. జిల్లాను మళ్లీ విడగొట్టినప్పుడు కూడా సముద్రం మాకే మిగిలింది గానీ అది తూర్పు చివర ఉంది, మేము పడమటి చివర ఉన్నాం. మధ్యలో కందిచేలు, కంపచెట్లు, నీళ్లు పడక వదిలేసిన బోరుగుంతలు.

బతికుంటే అతను ఈ ఫ్లెక్సీ చూసి ఏమనేవాడా అని కాసేపు అక్కడే నిలబడ్డాను. డాల్ఫిన్ల గురించి ఏమీ అనేవాడు కాదు. ఈతగాడు అన్నందుకు మాత్రం ఫ్లెక్సీ వేసిన షాపు దాకా నడిచి పోయేవాడు.

"నాకు ఈత అంతంత మాత్రమే అల్లుడా," అనేవాడు నాతో. "నేను దూకేవాణ్ణి. దూకినాక బయటికి రావాల గదా, ఆ కాస్త ఈత చాలు."

నేను పలకల క్వారీల్లో రాయి కొలిచే పని చేస్తాను. చదువు పదో తరగతితో ఆగింది. గుంతలో ఎంత రాయి లేచింది, ఎంత నీరు నిలిచింది అనే లెక్కలన్నీ గుంతల గట్ల మీదే నేర్చుకున్నవి. అతనికి నాతో స్నేహం కుదిరింది కూడా ఆ లెక్కల వల్లే. మొదటిసారి టీ బంకు దగ్గర పరిచయమైనప్పుడు పేరు అడగలేదు, ఊరు అడగలేదు. ఎదురుగా ఉన్న సెల్ టవర్ చూపించి, "అదెంత ఎత్తుంటది?" అని అడిగాడు. నేను ఒక పుల్ల నేలలో గుచ్చి, దాని నీడనూ టవర్ నీడనూ కొలిచి చెప్పాను. అతను తలెత్తి టవర్ కొన దాకా చూసి, "ఎక్కువ. మనిషికి పది మీటర్లు చాలు," అన్నాడు.

ఆ రోజు నుంచి అతను నాకు మామ అయ్యాడు. ఏ కొత్త కట్టడం కనబడినా నన్ను వెంటబెట్టుకుని పోయేవాడు. కల్యాణ మండపం పైకప్పు, పత్తి మిల్లు గోడ, దొనకొండ స్టేషన్లో ఒక పాత సిగ్నల్ క్యాబిన్ మేడ. ప్రతి ఎత్తునూ అడిగి తెలుసుకుని, దాని కింద ఏముందో చూసేవాడు. ఎప్పుడూ నేలే ఉండేది. "ఛ," అని నాలుక చప్పరించి, టీ తాగుదాం పద అనేవాడు.

అతను మెట్ల మీద నిలబడే తీరు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. పోస్టాఫీసు మెట్లయినా, హోటలు అరుగైనా, రోడ్డుకు వీపు పెట్టి, అంచున మునివేళ్ల మీద నిలబడి, మడమలు గాలిలో ఉంచేవాడు. పోటీల్లో వెనక్కి దూకేవాళ్లు అట్లాగే నిలబడతారట. దారిన పోయే ముసలమ్మలు కేకలు పెట్టేవాళ్లు. గిద్దలూరు బస్సులో కూడా ఫుట్‌బోర్డు మీద అట్లాగే వెనక్కి తిరిగి నిలబడితే కండక్టర్ చేతులెత్తి దండం పెట్టాడు.

"లోపలికి రా మామా. నువ్వు పడితే నా ఉద్యోగం పోతది."

"ఇట్ల నిలబడితేనే నాకు నిమ్మళంగా ఉంటదయ్యా."

"నీకు నిమ్మళమే, నాకేదీ నిమ్మళం?"

పట్టాళంలో చేరినప్పుడు అక్కడి ఈతకొలనులో ఎవరో పందెం కడితే పది మీటర్ల ఎత్తున ఉన్న పై పలక మీద నుంచి దూకాడట. బేస్తవారిపేట పక్కన తన ఊళ్లో మోటబావిలో దూకుతూ పెరిగినవాడు, కాబట్టి భయం లేదు. పై అధికారి చూసి ఆటల్లోకి తీసుకున్నాడు. కొన్నేళ్లకు దేశం మొత్తానికి జరిగిన పోటీలో మొదటివాడిగా వచ్చాడు. ఆ పతకం మెడలో వేసుకుని ఊరికి వస్తే, అతను దూకుతూ పెరిగిన బావి అప్పటికే ఎండిపోయి ఉంది. అందులో ఎవరో గొర్రెలు కట్టేస్తున్నారు.

అతని చిక్కంతా అక్కడ మొదలైంది. ఛాంపియన్ అని పతకం చెబుతోంది. కానీ అతను దూకగా చూసినవాళ్లు మా వైపు ఒక్కరూ లేరు. దూకి చూపించడానికి నీళ్లు లేవు. అడిగేవాళ్లకు కొదవ లేదు.

"దూకితే ఎవరైనా కిందికే గదా పోతారు? అందులో ఫస్టేంది, సెకండేంది?" అని రచ్చబండ మీద ఒకాయన అడిగాడు.

"నీళ్లలోకి పోయేటప్పుడు చుక్క లేవకుండా..." అని ఇతను చేతులతో చూపించబోయాడు.

"నీళ్లు చూపించు ముందు. తర్వాత పోయేది చూపిద్దువు."

అందరికంటే ఎక్కువగా నమ్మనిది అతని భార్య. నాకు అత్త వరస. ఆమె నోరు పెద్దది, మనసు కూడా పెద్దదే గానీ నోరే ముందు వినబడేది. "పెళ్లప్పుడు ఛాంపియన్ అని చెప్పి కట్టబెట్టినారు," అనేది ఎవరింటికి పోయినా. "ఇన్నేళ్ల కాపురంలో ఈ మనిషి మంచం మీద నుంచి దూకడం కూడా నేను చూల్లేదు." అతను నవ్వేవాడు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయేది. చచ్చేలోపు ఒక్కసారి, తన వాళ్ల ముందు, తన వాళ్ల నీళ్లలో దూకాలి. ముఖ్యంగా ఆమె చూడాలి. అతనికి ఇంతకు మించి కోరిక ఉన్నట్టు నాకెప్పుడూ తెలియలేదు.

పట్టాళం నుంచి వచ్చేసిన కొత్తలో సినిమావాళ్ల రూపంలో ఒక అవకాశం వచ్చింది. గిద్దలూరు అవతల నల్లమలలో ఒక వాగు దగ్గర షూటింగ్ పెట్టుకున్నారు. హీరోయిన్ కొండ మీద నుంచి మడుగులోకి దూకాలి. ఆమెకు బదులు దూకడానికి తెచ్చుకున్న మనిషి ఎత్తు చూసి రాత్రికి రాత్రే పారిపోయాడట. ఎవరో ఇతని సంగతి చెప్పారు. ఇతను పరుగున పోయాడు. ఎర్రచీర కట్టారు, జాకెట్టు తొడిగారు, విగ్గు పెట్టడానికి జుట్టు పొట్టిగా కత్తిరించారు, మీసం తీసేశారు. ఇతను దూకాడు. అంతా బాగానే జరిగింది. పని అయ్యాక బస్సెక్కి ఇంటికి వచ్చాడు.

తండ్రి బతికుండగా మా వైపు మగవాడు మీసం తియ్యడు. బేస్తవారిపేటలో బస్సు దిగిన ఇతన్ని చూసిన మొదటి మనిషి, గాజులు కొనుక్కోవడానికి వచ్చిన మేనత్త. నున్నటి పెదవి చూసింది, కత్తిరించిన తల చూసింది, అక్కడికక్కడే రోడ్డు మీద కూలబడి శోకాలు తీసింది. "ఎప్పుడు పోయినాడు రా మా అన్న? నాకు ఒక్కమాట చెప్పరా?" అని ఏడుస్తోంది. ఇతను చెప్పేలోపు ఆమెను ఎక్కించిన ఆటోలో ఇంకో ఇద్దరు ఎక్కారు. ఊరు చేరేసరికి వెనక ఒక గుంపు తయారైంది. దారిలో ఎవరో పూలదండ కూడా కొన్నారు.

ఇంటి ముందు నులకమంచం మీద ఇతని నాయన వక్క కొరుకుతూ కూర్చుని ఉన్నాడు. వస్తున్న గుంపును చూసి లేచి నిలబడి, కండువా సర్దుకుని, "ఎవరు పోయినార్రా?" అని అడిగాడు.

జనం ఒకర్నొకరు ముందుకు తోసుకున్నారు. చివరికి దండ పట్టుకున్నాయన, "నువ్వే మామా," అన్నాడు.

పెద్దాయన వక్క ఇంకో బుగ్గకు మార్చుకుని, "ఎవరు చెప్పినారు?" అన్నాడు.

సినిమా మార్కాపురం టాకీసుకు వచ్చినప్పుడు ఇతను ట్రాక్టరు మాట్లాడి ఇంటిల్లిపాదినీ, వీధివాళ్లనూ తీసుకుపోయాడు. నేనూ పోయాను. ఆ దృశ్యం రాగానే లేచి నిలబడి, "అదిగో, నేనే! నేనే!" అని అరిచాడు. వెనకవాడు, "కూర్చోవయ్యా, ఆయమ్మ కనపడటం లా," అన్నాడు. తెర మీద ఎర్రచీర కొండ అంచున కనబడింది, గాలిలోకి లేచింది, అంతే. ఆ తర్వాత నీళ్లలోంచి హీరోయిన్ ముఖం పైకొచ్చి పాట మొదలైంది. నీళ్లలో పడడం కత్తిరించేశారు. అంటే అతని పనిలో అసలు సంగతి ఏదో అదే లేదు. బయటికి వచ్చాక అతను నాయన ముఖంలోకి చూశాడు. పెద్దాయన తూచి తూచి మాట్లాడే మనిషి.

"చీర బాగా కట్టినావు రా," అన్నాడు.

అత్త మాత్రం, "ఇంతకీ నువ్వు యాడ ఉన్నావు అందులో?" అని దారి పొడవునా అడుగుతూనే ఉంది.

అతను ఉద్యమాల్లోకి వచ్చింది కూడా ఎత్తుల మీద మోజుతోనే. పత్రికల్లో వేరేగా రాశారు గానీ జరిగింది నాకు తెలుసు. పక్క కాలనీలో ఒక ఓవర్‌హెడ్ ట్యాంకు కట్టి, నీలం రంగు వేసి, మెట్లు పెట్టి, నీళ్లు మాత్రం ఎక్కించకుండా వదిలేశారు. దాని ఎత్తు ఎంతని మామ అడిగితే నీడ కొలిచి, పది మీటర్ల పైన ఏదో కాస్త, అని చెప్పాను. అతని ముఖం వెలిగింది. తెల్లారి పాలకు పోతుంటే అతను ఆ ట్యాంకు మీద, వీపు రోడ్డుకు పెట్టి, మడమలు గాలిలో ఉంచి నిలబడి ఉన్నాడు. అన్నేళ్ల తర్వాత మళ్లీ ఆ ఎత్తు కాళ్ల కింద తగలాలని అతని ఆశ.

మా వైపు ట్యాంకు ఎక్కినవాడు కోరిక కోసమే ఎక్కుతాడు. క్షణాల్లో జనం చేరారు. జీపులో ఎస్సై వచ్చాడు. మైకు అందుకున్నాడు.

"అన్నా, తొందరపడగాకు. నీ డిమాండ్లు ఏందో చెప్పు."

"డిమాండ్లేం లేవు సారూ."

"అట్లంటే ఎట్లన్నా? ఇంత పైకి ఎక్కినవాడికి డిమాండ్ లేకుండా ఉంటదా?"

"ఊరికే నిలబడదామని ఎక్కినా."

"ఇంట్లో ఏమన్నా గొడవా?"

కింద ఉన్న అత్త మైకు అవసరం లేకుండానే అందుకుంది. "గొడవేంది సారూ, రాత్రి శుభ్రంగా రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు!"

జనానికి ఇది నచ్చలేదు. పనులు మానుకుని వచ్చారు. డిమాండ్ లేదంటే ఎట్లా? అప్పుడు బిందె చంకన పెట్టుకున్న ఒకామె, "మామా, ఎట్లాగూ ఎక్కినావు గదా, ట్యాంకులో నీళ్లున్నాయేమో చూసి చెప్పు!" అని అరిచింది. అతను వంగి మూత తీసి, తల లోపల పెట్టి చూశాడు. "లేవు!" అన్నాడు. ఖాళీ ట్యాంకులో ఆ మాట తిరిగి తిరిగి, మైకు కంటే పెద్దగా, నాలుగు వీధులకు వినబడింది. జనం ఈలలు వేశారు.

"అస్సలు లేవా?"

"అస్సలు లేవు! పావురాలు గుడ్లు పెట్టినాయి!"

అతను దిగేసరికి మెడలో దండ పడింది. వేసినవాడు మంచినీళ్ల కమిటీ అధ్యక్షుడు శెట్టి. మా క్వారీ యజమాని కూడా ఆయనే. "ఇన్నాళ్లు యాడున్నావు మామా? నీళ్ల గురించి తెలిసినవాడు కమిటీలో ఒక్కడూ లేకపాయె," అన్నాడు. అట్లా మామ ఉద్యమకారుడయ్యాడు.

కమిటీ మొదటి తీర్మానం జలదీక్ష. నీళ్లు కావాలని అడిగేవాళ్లు మెడలోతు నీళ్లలో నిలబడి అడగడం మర్యాద. కృష్ణ ఒడ్డున ఉన్నవాళ్లకు అది సులభం. మాకు మెడలోతు నీళ్లు ఉంటే అసలు దీక్ష ఎందుకు? కంభం చెరువుకు పోదామని ఒకరన్నారు. "అన్ని నీళ్లలో నిలబడి నీళ్లు లేవంటే నవ్వుతారు," అని శెట్టి కొట్టేశాడు. చివరికి మండలాఫీసు ఎదుట ఖాళీ స్థలంలో గుంత తవ్వి, టార్పాలిన్ పరిచి, ట్యాంకరు నీళ్లు పోయించారు. లోతు మామ మెడకు సరిపోయేట్టు చూసే పని నాది. సరిగ్గా చేశాను. అయితే ఆ ట్యాంకరు ఆ రోజు కాలనీకి పోవలసిన ట్యాంకరని మాలో ఎవరికీ తట్టలేదు.

మామ దిగిన కాసేపటికి కాలనీ ఆడవాళ్లు బిందెలతో వచ్చారు.

"ఏందమ్మా, ఇవి దీక్ష నీళ్లు," అన్నాడు శెట్టి.

"దీక్ష నీళ్లయితే ఏంది? ఈయన కాళ్లు కడుక్కోని దిగినాడా లేదా?"

"కడుక్కున్నా చెల్లెలా," అన్నాడు మామ లోపల నుంచి.

"అయితే సరే," అని ముంచుకోవడం మొదలుపెట్టారు. వాళ్లను కాదనే ధైర్యం శెట్టికి లేదు. వాళ్ల కోసమే గదా దీక్ష. నీళ్లు తగ్గుతున్నాయి. రొమ్ము దాకా వచ్చినప్పుడు మామ మోకాళ్ల మీద నిలబడ్డాడు. మళ్లీ మెడలోతు అయింది. ఇంకాస్త తగ్గాక చతికిలబడ్డాడు. కూర్చుంటే మట్టం పెరుగుతుందేమో అని కమిటీవాళ్లు ఆశపడ్డారు. మెడ దాకా మునిగిన మనిషి నిలబడినా కూర్చున్నా పక్కకు నెట్టే నీళ్లు అంతేనని నేను చెప్పాల్సి వచ్చింది. నన్ను ఉద్యమ ద్రోహిని చూసినట్టు చూశారు.

తహసీల్దారు వినతిపత్రం తీసుకోవడానికి బయటికి వచ్చేసరికి మామ వెల్లకిలా పడుకుని, గడ్డం ఆకాశానికి పెట్టి ఉన్నాడు.

"అయ్యో, సొమ్మసిల్లినాడా?"

"లేదు సారూ," అన్నాడు మామ పడుకునే. "దీక్షలో నీళ్లు మెడ దాకా ఉండాల. ఉన్నాయి, చూడండి."

ఆ అధికారి జాగ్రత్త గల మనిషి. తన ఆఫీసు ముందు ఒక మాజీ సైనికుడు బురదనీళ్లలో పడుకుని జబ్బు చేస్తే పేరు పోతుందని, దీక్ష గుంతలోకి రోజూ ఒక ట్యాంకరు మంచినీళ్లు పొయ్యమని ఉత్తర్వు వేశాడు. పోశారు. కాలనీవాళ్లు ముంచుకుపోయారు. మర్నాడు మళ్లీ పోశారు. అంటే దీక్ష సాగినన్నాళ్లు కాలనీకి నీళ్లు వచ్చాయి. దీక్ష ఆగితే ఆగిపోతాయి. కోరింది దీక్ష వల్ల దొరికింది గనక దీక్ష మానడానికి వీల్లేకుండా పోయింది. మామ లేవబోతే ఆడవాళ్లు రెండు చేతులూ జోడించారు.

"లేవగాకు మామా. ఇంట్లో చుట్టాలున్నారు. ఇంకో నాలుగు రోజులు ఉండు."

"చేతులు చూడండమ్మా, నానబెట్టిన చింతపండు మాదిరి అయినాయి."

"అన్నం మేం పెడతాం గదా."

పెట్టారు కూడా. గుంత చుట్టూ కూర్చుని ముద్దలు కలిపి నోట్లో పెట్టారు. సాయంత్రం నేను పలకరించడానికి పోతే మామ నన్ను దగ్గరికి రమ్మన్నాడు. గొంతు తగ్గించి, "పొద్దున నిండుగా పోసినప్పుడు చూసినా అల్లుడా. ఇంకొక్క రెండు నిలువులు లోతుంటే దూకి ఉందును," అన్నాడు. చివరికి జలుబు ముదిరి, గవర్నమెంటు డాక్టరు లేపితే గానీ దీక్ష ముగియలేదు. ఆ తర్వాత కాలనీకి ట్యాంకరు రోజు మార్చి రోజు వచ్చేట్టు ఏర్పాటయింది. అది గెలుపే. మామ మాత్రం కమిటీ పెట్టిన విజయసభలో తుమ్ముతూ కూర్చున్నాడు. మాట్లాడమంటే లేచి, "లోతు చాల్లేదు," అని మళ్లీ కూర్చున్నాడు. జనం అదేదో రాజకీయ విమర్శ అనుకుని చప్పట్లు కొట్టారు.

ఆ ఏడు చివర్లో తుపాను వచ్చింది. తూర్పున కొట్టాల్సింది పడమటికి తిరిగి, మా మీద కురిసింది. శెట్టి పలకల క్వారీ గుంత నిండింది. వాన వెలిసిన మర్నాడు మామ గట్టున నిలబడి ఉన్నాడు. నల్లటి రాతి గోడల మధ్య ఎర్రటి నీళ్లు. అతను ఎంతసేపు చూశాడో నేను లెక్క పెట్టలేదు.

"శెట్టీ," అన్నాడు, "ఒక్కసారి దూకనియ్యి."

శెట్టి ఇరుకున పడ్డాడు. ఆయన మంచినీళ్ల కమిటీకి అధ్యక్షుడే గానీ, గుంతలో నీళ్లుంటే పలక తియ్యలేడు. "శివరాత్రి దాటితే మోటార్లు పెట్టి తోడేస్తా మామా. ఆర్డరు ఉంది. ఆ లోపల దూకు. కానీ ప్రాణం మీదికి తెచ్చుకోగాకు."

బురద దిగేదాకా ఆగాలి. నీళ్లు తేటపడకపోతే అడుగున రాళ్లు ఎక్కడున్నాయో కొలవలేను. పండగ దగ్గర పడేకొద్దీ మామ రోజూ వచ్చి నీళ్ల రంగు చూసేవాడు. ఎరుపు పోయి పసుపు, పసుపు పోయి పచ్చ. శివరాత్రి ముందు నేను లారీ ట్యూబు మీద కూర్చుని, తాడుకు పలకరాయి కట్టి, గుంతంతా వరసలు వరసలుగా కొలిచాను. ఎక్కడ ఎంత వచ్చినా అందులోంచి కాస్త తగ్గించే రాసుకున్నాను. ఇది రాయి లెక్క కాదు. తప్పితే మనిషి పోతాడు.

"ఆ తెల్ల చార ఉన్న మెట్టు మీద నుంచి, నేరుగా కిందికి, మూడు నిలువుల పైనే ఉంది," అన్నాను. "ఎడమకు పోగాకు మామా. ఎడమ పక్క ఒక బండ ఉంది."

"ఎడమకు పోతే నేను ఛాంపియన్ ఎట్లయితా?" అన్నాడు. అంత వయసులోనూ ఆ మాట అన్నప్పుడు గొంతు వణకలేదు. నేను మాత్రం ట్యూబెక్కి ఆ చోటు ఇంకోసారి కొలిచాను.

శివరాత్రి రోజు ట్రాక్టర్లు, ఆటోలు, ఒక సోడా బండి, గుగ్గిళ్లు అమ్మేవాళ్లు, అందరూ వచ్చారు. ఎండ అప్పటికే ముదిరింది. రాతిపొడి కాళ్ల కింద కాలుతోంది. ఎస్సై వచ్చి డిమాండ్ ఏందని అడిగాడు. ఈసారీ లేదంటే ఒప్పుకునేట్టు లేడు. శెట్టి అప్పటికప్పుడు ‘మా ప్రాంతానికి కాలువ నీళ్లు’ అని ఒకటి చెప్పి పంపాడు. అత్త కొత్త చీర కట్టుకుని నీళ్లకు దగ్గరగా రాతిమెట్టు మీద కూర్చుంది. "చూస్తా, ఏం చూపిస్తాడో," అని పక్కవాళ్లతో అంటోంది గానీ, కొంగు చివర వేలికి చుట్టుకోవడం విప్పుకోవడం చేస్తోంది.

నేను ట్యూబు పట్టుకుని నీళ్లలోనే ఉన్నాను. కాబట్టి అందరికంటే దగ్గరగా చూసింది నేనే. అతను పాత నల్ల చడ్డీతో తెల్ల చార దగ్గరికి వచ్చి, మాకు వీపు పెట్టి, మడమలు గాలిలోకి జరిపి నిలబడ్డాడు. అరుపులు ఆగాయి. అతను లేచాడు. గాలిలో ఒకసారి మడతపడి, మళ్లీ నిదానంగా విప్పుకుని, చేతులు ముందు, తల వెనక, పాదాలు చివర, ఒకటే గీత మాదిరి నీళ్లలోకి దిగిపోయాడు. కొత్త గుడ్డ చింపినట్టు చిన్న చప్పుడైంది. నీళ్లు మూసుకున్నాయి. నా ట్యూబు కూడా కదల్లేదు.

పైన ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"ఏమైంది, జారి పడినాడా?"

"దూకినట్టే ఉంది."

"దూకితే నీళ్లు లేస్తాయి గదా? ఒక్క చుక్క లేయలా!"

మా వైపు బావుల్లో దూకినవాళ్లందరికీ తెలిసిన లెక్క ఒకటే. మోకాళ్లు పట్టుకుని ఉండలా దూకాలి, గట్టున ఉన్నవాళ్లు తడవాలి. ఎంతమంది తడిస్తే అంత మొనగాడు. "మా తమ్ముడు దూకితే మోట కట్టిన ఎద్దులు కూడా తడిసేవి," అని ఒకాయన చెబుతున్నాడు. శెట్టి నాలుక చప్పరించాడు. అత్త కొంగు ముడి విప్పి, చేతులు ఒళ్లో పెట్టుకుని, నేలకేసి చూస్తూ ఉంది.

మామ నా పక్కన తేలాడు. ముఖం మీద నీళ్లు తుడుచుకుంటూ నవ్వబోయి, పైనుంచి వస్తున్న మాటలు విని ఆగాడు.

"ఇంకోసారి దూకు మామా! ఈసారి కనపడేట్టు దూకు!"

అతను అత్తవైపు చూశాడు. తర్వాత ఈదుకుంటూ గట్టుకు పోయి, మళ్లీ పైకెక్కాడు. ఈసారి అంచున నిలబడలేదు. వెనక్కి, ఇంకా వెనక్కి పోయి, అక్కడి నుంచి పరుగెత్తుకుంటూ, నోరంతా తెరిచి పొలికేక పెడుతూ వచ్చి, గాల్లోనే మోకాళ్లు రొమ్ముకు లాక్కుని, బండరాయి మాదిరి పడ్డాడు. ఆ చప్పుడుకు గుంత గోడలు మారుమోగాయి. నీళ్లు రెండు మెట్లు ఎక్కి లేచాయి. నా ట్యూబు తిరగబడింది. నేను పైకి తేలేసరికి గట్టంతా తడిసిపోయి ఉంది. శెట్టి తెల్లపంచె, ఎస్సై టోపీ, గుగ్గిళ్ల గంప, సోడా బండి, పిల్లలు, ముసలివాళ్లు. ఆ తర్వాత లేచినంత కేక నేను మా వైపు ఏ ఓట్ల గెలుపుకూ వినలేదు.

"అదీ దూకుడంటే! ఛాంపియన్ రా మామ!"

అత్త నిలువునా తడిసింది. ముఖం మీద జుట్టు పక్కకు తోసుకుంటూ, నవ్వుతూ, అందరికీ వినబడేట్టు, "ఇన్నాళ్లు యాడ దాచిపెట్టినాడే ఈ మనిషి ఇదంతా!" అంటోంది.

మామ గట్టు పట్టుకుని రొప్పుతున్నాడు. రొమ్మూ తొడలూ మిరపపండు మాదిరి కందిపోయాయి. నేను దగ్గరికి పోయాను.

"మొదటిది చూసినావా అల్లుడా?"

"చూసినా మామా."

"ఎట్లుంది?"

"నీళ్లకు తెలియలేదు," అన్నాను. నాకు తోచింది అదే.

అతను కళ్లు మూసుకుని తల ఊపాడు. నేను, "మరి రెండోది ఎందుకట్ల దూకినావు?" అని అడిగాను.

"పోటీల్లో జడ్జీలు వేరే. ఈడ జడ్జీలు వీళ్లు గదా," అన్నాడు, గట్టు మీద కేరింతలు కొడుతున్న జనాన్ని చూస్తూ. "వీళ్లకు కావల్సింది నీళ్లు. చల్లినా."

ఆ సాయంత్రం జనమంతా తడిబట్టలతోనే ఇళ్లకు బయల్దేరారు. ఎవరూ తుడుచుకోలేదు, పిండుకోలేదు. ఎండిన రోడ్డు మీద వాళ్లు నడిచినంత మేరా తడి చారలు పడ్డాయి. ఎదురుగా మేకలు తోలుకుంటూ వస్తున్న ఒక ముసలాయన ఆగిపోయి, ఆ గుంపును చూసి, మబ్బు లేని ఆకాశాన్ని చూసి, మళ్లీ గుంపును చూశాడు.

"ఏమ్మా, వాన యాడ పడింది?" అని అడిగాడు.

అందరికంటే ముందు నడుస్తున్న అత్త తడి కొంగు భుజం మీద సర్దుకుంది.

"వాన గాదు నాయనా," అంది. "మా ఆయన దూకినాడు."